హుసేనప్ప జామీను

గుండెనొప్పి ఎవరికి ఎప్పుడొస్తుందో డాక్టర్లు చెప్పలేరంటారు. నేను చెప్పగలను. బళ్లారి కోర్టు ఎదురుగా జిరాక్స్ అంగడి పెట్టుకుని కూర్చున్న వాడిని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కోళ్లు దొంగిలించిన వాడికి గుండెనొప్పి రాదు. కాలువ నీళ్ల కొట్లాటలో పార ఎత్తిన వాడికి రాదు. జనం సొమ్ము మింగిన పెద్దమనిషికి మాత్రం పోలీసు జీపు ఎక్కగానే పట్టుకుంటుంది, బెయిలు కాగితం చేతికి రాగానే వదిలేస్తుంది. ఆ ఆసుపత్రి సర్టిఫికెట్లన్నీ నా మిషన్ మీదే కాపీలు తీయిస్తారు. తీసి ఇచ్చాక లోపలికి పోయి చేతులు కడుక్కుంటాను. మా ఆవిడ నవ్వుతుంది గానీ, నాకు నిజంగానే ఓకరింత వస్తుంది.

ఇన్నేళ్లలో ఈ కోర్టు చుట్టూ నేను చూసిన శుభ్రమైన మనిషి ఒక్కడే. పేరు హుసేనప్ప. సిరుగుప్ప తాలూకా దేశనూరు. పీర్ల పండగకు మొక్కుకుంటే పుట్టాడని వాళ్ల నాయన ఆ పేరు పెట్టాడు. కాలువ కింద మూడెకరాల వరి మడి ఉంది. దాన్ని దున్నుకుంటూనే, ఊళ్లో ఎవరు జైల్లో పడినా వచ్చి జామీను నిలబడతాడు. అదీ ఆయన బతుకు.

జామీను అంటే పూచీ. నిందితుణ్ణి బయటికి వదిలేటప్పుడు కోర్టు భూమి ఉన్న మనిషిని ఒకణ్ణి అడుగుతుంది: వీడు ప్రతి వాయిదాకూ వస్తాడని నువ్వు మాటిస్తావా, రాకపోతే ఆ డబ్బు నీ పొలం మీద వసూలు చేసుకోమంటావా అని. ఆ మనిషి పొలం తన పేరున ఉన్నట్టు చూపే పహణి కాగితం పెట్టి సంతకం చేయాలి. దీన్ని వ్యాపారం చేసుకున్న వెధవలు మా కోర్టు గేటు దగ్గర ఎంతమందైనా దొరుకుతారు. దొంగ పహణి, దొంగ పేరు, తలకింత అని రేటు. హుసేనప్ప పైసా ముట్టడు. నిందితుడి చేత ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు పెట్టించుకుని తింటాడు, అంతే.

ఆయనకొక పద్ధతి ఉండేది. వాయిదా రోజు మొదటి బస్సు రాకముందే నిందితుడి ఇంటి ముందు ప్రత్యక్షమయ్యేవాడు. లేపి, మొహం కడిగించి, బస్సులో తన పక్కన కిటికీ వైపు కూర్చోబెట్టుకుని కోర్టు హాలు దాకా తెచ్చి దింపేవాడు. తాగుబోతు ట్రాక్టర్ డ్రైవర్లను ఎత్తుకుని తెచ్చిన రోజులూ ఉన్నాయి. పెళ్లికొడుకును పసుపు బట్టలతోనే తెచ్చాడొకసారి. ఆయన జామీను ఇచ్చిన మనిషి వాయిదాకు రాలేదన్న మాట కోర్టు పుట్టాక లేదు. జడ్జీలు మారినా బంట్రోతులు మారినా, హుసేనప్ప జామీనంటే పహణి తిరగేసి చూసేవాళ్లు కాదు.

ఈ పిచ్చి ఎందుకు పట్టిందంటే దానికొక కథ ఉంది. ఆయన చిన్నతనంలో నీళ్ల తగాదాలో వాళ్ల అన్నను లోపల వేశారు. జామీనుకు తండ్రి ఊళ్లో భూమి ఉన్న ప్రతి గడపా ఎక్కి కాళ్లు పట్టుకున్నాడు. ఒక్కడూ రాలేదు. రెండు పంటలు దాటాక బయటికొచ్చిన ఆ అన్న, దగ్గుతూ దగ్గుతూ ఆ ఏడే పోయాడు. తనకు భూమి దక్కిననాడు హుసేనప్ప ఒట్టు పెట్టుకున్నాడట, అడిగిన వాడికి లేదనకూడదని. భూమి కొన్నప్పుడు అందులో ఒక ఎకరం అక్క మారమ్మ పేరున రాయించాడు. అక్కకు చిన్న వయసులోనే మొగుడు పోయాడు, తమ్ముణ్ణి తల్లిలా సాకింది. ఆయన పెళ్లాం హొన్నమ్మ, ఆ అక్క, ఈయన, ముగ్గురే ఆ ఇంట్లో.

ఇక ఇంద్రసేన సంగతి. ఒక తాలూకా ఆఫీసులో ముసలివాళ్ల పింఛన్లు, విధవల పింఛన్లు చూసే కుర్చీలో కూర్చున్నాడు. ఏ తాలూకా అన్నది వదిలేయండి. ఆ కుర్చీలో కూర్చుని ఏం చేశాడయ్యా అంటే, బతికున్న ముసలమ్మల పింఛన్లు ఆపేసి, ఆ డబ్బు తన బావమరుదుల ఖాతాల్లోకి తోలాడు. అడగడానికి వచ్చిన వాళ్లతో పైనుంచి రాలేదు పొండి అనేవాడు. ఆ డబ్బుతో బళ్లారి సత్యనారాయణపేటలో మూడంతస్తుల మేడ కట్టాడు. దేశనూరులో ముప్పై నలభై మంది ఆడవాళ్లకు పింఛను ఆగింది. అందులో మారమ్మ ఒకతె. ఆమె మోకాళ్ల మాత్రలు, వక్క, పొగాకు అన్నీ ఆ పింఛనులోనే. కంచే చేను మేస్తే అంటారు గానీ, ఇది చేను కూడా కాదు, ముసలమ్మ నోట్లో ముద్ద. దాన్ని వేలు పెట్టి లాక్కుని తిన్నాడు. థూ.

లోకాయుక్త వాళ్లు పట్టుకున్నారు. ఇంద్రసేనకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ఏసీ గదిలో పడుకున్నాడు. పెద్ద లాయర్ గురురాజ్ గారు నిలబడి, తన కక్షిదారుడు సమాజంలో గౌరవం ఉన్నవాడనీ, ఎక్కడికీ పారిపోడనీ, బీపీ, షుగరు కూడా ఉన్నాయనీ వాదించారు. బెయిలు వచ్చింది. ఒక షరతు పెట్టారు. ఈ జిల్లాలో సొంత భూమి ఉన్న మనిషి జామీను నిలబడాలి.

అక్కడ తమాషా మొదలైంది. ఇంద్రసేన వైపు బంధువులు కార్లకు కార్లు దిగారు. మెడల్లో గొలుసులు, చేతులకు కడియాలు. ఒక్కడూ పహణి బయటికి తీయడే. తీస్తే కోర్టు కంట పడుతుంది, నీకింత భూమి ఎక్కడిదిరా అని ఎవడైనా అడుగుతాడు. బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫోన్లు చెవిన పెట్టుకుని పక్కకు జారుకున్నారు. ఒకే కంచంలో తిన్న దొంగలు కదా, కంచం కడగాల్సి వచ్చేసరికి ఎవడి చేతికి వాడికి నొప్పి. అప్పుడు ఎవడో చెప్పాడు, దేశనూరులో హుసేనప్ప అని ఒక పిచ్చివాడున్నాడు, అడిగితే కాదనడు అని.

వాళ్లు వెళ్లి అడిగితే హుసేనప్ప పార భుజాన వేసుకుని మడి వైపు నడిచాడట. హొన్నమ్మ మాత్రం చేట తీసుకుని గడప దాకా వచ్చింది. మా వదిన కూడు తిన్న నా కొడుక్కి జామీనా అని నోటికొచ్చినట్టు తిట్టి తోలేసింది. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. మరునాడు పొద్దున పింఛను పోయిన ఆడవాళ్లంతా వచ్చి ఇంటి ముందు కూర్చున్నారు. ముందు ఎవరు? మారమ్మే. ఆమె తమ్ముడితో అన్న మాట హుసేనప్ప నాకు తర్వాత చెప్పాడు.

"ఆయప్ప లోపల కూచ్చుంటే మా పింఛను ఎవురిస్తారు? బయట ఉంటే కాళ్లన్నా పట్టుకోవచ్చు. సంతకం పెట్టు తమ్ముడా."

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టదు. తిన్నవాడే పెట్టాలని, దొంగ బయటికొస్తేనే సొమ్ము దొరుకుతుందని నమ్మే జనం ఇంకెక్కడన్నా ఉంటారా? వీళ్లను మోసం చేయడానికి తెలివి కూడా అక్కర్లేదు, కుర్చీ ఉంటే చాలు. కానీ అడిగిన వాడికి లేదనకూడదన్న ఒట్టు ఒకవైపు, సాకిన అక్క మాట ఒకవైపు. హుసేనప్ప పహణి పట్టుకుని బస్సెక్కాడు. నా అంగట్లోనే కాపీలు తీయించాడు. వద్దప్పా అని చెప్పాను, రెండుసార్లు మిషన్ ఆపాను కూడా. ఆయన తీయమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇంద్రసేన బయటికొచ్చిన రోజు చూడాల్సింది. కాగితాల కోసం ఆసుపత్రి నుంచి జైలుకు తెచ్చారు, ఆ గేటు ముందు తప్పెట్లు, పటాకులు, గులాబీ రేకులు. మనిషెత్తు యాపిల్ పళ్ల దండ ఒకటి, దాన్ని ఎత్తడానికి జేసీబీ. యుద్ధం గెలిచి వచ్చాడా ఏంది? ముసలమ్మల మాత్రల డబ్బు తిన్నందుకా ఆ దండ? గుండెనొప్పి మనిషి బండి టాప్ మీద నిలబడి రెండు చేతులూ ఊపాడు. కౌల్ బజార్ సందుల్లో ఆటోలు, బైకులు ఆగిపోయాయి. ఆ గుంపులో హుసేనప్పను ఎవరూ గుర్తుపట్టలేదు. ఉగ్గాని సంగతి దేవుడెరుగు, ఒక చాయ్ కూడా పోయలేదు. ఆయన నా అంగడికొచ్చి మంచినీళ్లు తాగి, మొదటి వాయిదా ఎప్పుడో ఒక చీటీ మీద రాయించుకుని వెళ్లాడు.

వాయిదా రోజు దేశనూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని, సిరుగుప్పలో మారి, సత్యనారాయణపేటలో ఆ మేడ ముందు నిలబడ్డాడు. కాపలావాడు గేటు తీయలేదు. సాహెబ్ పడుకున్నారన్నాడు. హుసేనప్ప గేటు బయటే నిలబడి, ఊళ్లో పిలిచినట్టు పేరు పెట్టి పిలిచాడు. లోపలి నుంచి కుక్క వచ్చింది. ఆ రోజు కోర్టులో గురురాజ్ గారు ఆసుపత్రి కాగితం పెట్టి మినహాయింపు తీసుకున్నారు. తర్వాతి వాయిదాకూ అంతే. ఆ కాగితాలు నా మిషన్ మీదే కాపీ అయ్యాయి. అదే రోజు ఇంద్రసేన హొసపేటలో ఎవరి గృహప్రవేశంలోనో భోజనం వడ్డిస్తున్న ఫొటో కూడా నా ఫోనుకు వచ్చింది.

మూడో వాయిదాకు కాగితం కూడా పెట్టలేదు. పొగరు తలకెక్కిందేమో. జడ్జి గారు వారంటు ఇచ్చారు, జామీనుదారుకు నోటీసు పంపమన్నారు. నిందితుణ్ణి తెస్తావా, లేక నీ పొలం మీద వసూలు చేయమంటావా చెప్పు అని దాని సారాంశం. దేశనూరులో ఆ నోటీసు అందుకున్నప్పుడు హుసేనప్ప దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడని హొన్నమ్మ చెప్పింది. మూడెకరాల్లో ఆయన పేరున మిగిలింది రెండెకరాలు. అది పోతే ఈ వయసులో కూలికి పోవాలి. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. తన జామీను మనిషి రాలేదన్న మాట కోర్టు హాల్లో మొదటిసారి బిగ్గరగా చదివారు.

ఆ ఆదివారం కౌల్ బజార్‌లో ఒక బట్టల అంగడి ప్రారంభం. రిబ్బన్ కత్తిరించేది ఇంద్రసేన. అవునండీ, అలాంటి వాణ్ణే పిలుస్తారు, అదీ మన ఊరి మర్యాద. వారంటు తెచ్చే పోలీసులకు మనిషి దొరకడట, ఫ్లెక్సీ మీద మాత్రం నిలువెత్తు బొమ్మ. నేనే హుసేనప్పకు ఫోన్ చేసి చెప్పాను. వచ్చాడు, నన్నూ రమ్మన్నాడు. జనం మధ్య నుంచి పోయి, కత్తెర పట్టుకున్న ఆ చేతి మణికట్టు పట్టుకున్నాడు, తాగిన ట్రాక్టర్ డ్రైవర్ చేతిని పట్టుకున్నట్టే. రేపు పొద్దున్నే కోర్టుకు పోదాం పా అన్నాడు.

ఇంద్రసేన చెయ్యి విదిలించుకోలేదు. నవ్వుతూనే, పక్కన ఉన్నవాళ్లు వినేట్టు అన్నాడు.

"యాల అంత తొందర పడ్తావప్పా? నేను రాకుంటే నీ పొలం పోతాది. నాదేం పోతాది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవడో ఒకడు ఎర్ర మిఠాయి తెచ్చి హుసేనప్ప నోట్లో పెట్టబోయాడు. నాకు ఆ క్షణంలో చెప్పు తీయాలనిపించింది. తీయలేదు, తీసి ఉంటే నాకు జామీను ఎవరిస్తారు?

హుసేనప్ప ఆ మిఠాయి చేతిని పక్కకు నెట్టి బయటికి నడిచాడు. దారిలో ఒక్కటే అడిగాడు, ఇచ్చిన జామీను వెనక్కి తీసుకోవచ్చా అని. ఇన్నేళ్లలో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. నాకూ తెలియదు. మా అంగడి పక్క గదిలో కొత్తగా వకాల్తా మొదలుపెట్టిన నేత్రావతి అని ఒక అమ్మాయి ఉంది. ఆమెను అడిగితే చట్టంలో ఉందంది. జామీనుదారు ఎప్పుడైనా సరే నన్ను విడుదల చేయండి అని అర్జీ పెట్టుకోవచ్చు, అప్పుడు కోర్టు నిందితుణ్ణి పట్టి తెప్పించి కొత్త జామీను అడుగుతుంది, దొరకకపోతే లోపలికి పంపుతుంది. హుసేనప్ప అర్జీ మీద సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఒట్టు తప్పుతున్నట్టు ఉండాదప్పా అన్నాడు. దొంగకు ఇచ్చిన ఒట్టు ఒట్టు కాదని నేను, చట్టమే అనుమతించిందని నేత్రావతి చెప్పి పెట్టించాం.

ఈసారి జడ్జి గారు పోలీసులను హాల్లోనే నిలబెట్టి చివాట్లు పెట్టారు. రెండు రోజుల్లో మనిషిని తెచ్చారు. హుసేనప్పను విడుదల చేశారు, నోటీసు రద్దు చేశారు. కొత్త జామీను తెచ్చేదాకా ఇంద్రసేన లోపలే. గుండెనొప్పి అన్నాడు, ప్రభుత్వ డాక్టరు వచ్చి చూసి ఏమీ లేదన్నాడు. ఆ రోజు హుసేనప్పకు నేనే ఉగ్గాని, బజ్జీలు తెప్పించాను. మిరపకాయ కొరుకుతూ ఆయన నవ్వాడు. నాకైతే పండగే. నా అంగడి ముందు పోయే ప్రతివాడినీ పిలిచి చెప్పాను.

పండగ మాకే. దేశనూరులో ఆడవాళ్లు హుసేనప్పతో మాటలు మానేశారు. మా పింఛను వచ్చేదాన్ని చెడగొట్టినాడని వీధిలో మట్టి ఎత్తి పోశారు. మారమ్మ తమ్ముడి పొయ్యి మీద అన్నం తిననని వేరే కుంపటి పెట్టుకుంది. ఒకే వసారాలో రెండు పొగలు. హొన్నమ్మ ఎంత బతిమాలినా వినలేదు.

ఇంద్రసేన బావమరుదులు ఈలోగా ఊరికే లేరు. ఒక మధ్యాహ్నం నేను అంగట్లో ఉండగా తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి కర్ర పట్టుకుని మారమ్మ దిగింది. కొత్త చీర, దాని మడత గీతలు కూడా పోలేదు. చేతిలో ఆమె ఎకరం పహణి. కారు మనిషి దాన్ని కాపీ తీయమన్నాడు. మిషన్ చెడిపోయిందన్నాను. వాడు పక్క అంగడికి పోయాడు. నేను షట్టర్ సగం దించి హుసేనప్పకు ఫోన్ చేశాను. ఆయన ఆ రోజు ఎరువుల కోసం బళ్లారిలోనే ఉన్నాడు. ఆటో మాట్లాడుకుని వచ్చాడు, ఇద్దరం హాల్లోకి పరిగెత్తాం.

అప్పటికే ఆమె బోనులో నిలబడి ఉంది. ఆరోపి గొత్తేనమ్మా అని జడ్జి గారు కన్నడంలో అడుగుతున్నారు, నిందితుడు నీకు తెలుసా అని. తెలుసంది. ఎట్లా తెలుసు అన్నారు. మా ఊరి వాళ్ల పింఛన్లు చూసే సారు అంది. రాకపోతే నీ భూమి పోతుంది, అర్థమైందా అన్నారు. వస్తాడు సామీ, మాటిచ్చినాడు అంది. గురురాజ్ గారు ఆమెకు సంతకం రాదని చెప్పి వేలిముద్ర వేయించారు. సిరా అంటిన వేలు కొత్త చీరకు తుడుచుకుంది. హుసేనప్ప అక్కా అని ఒక్కసారి పిలిచాడు. బంట్రోతు నోరు మూయమన్నాడు. ఆమె ఇటు చూడలేదు.

సాయంత్రానికి ఇంద్రసేన బయట ఉన్నాడు. ఈసారి జేసీబీ లేదు, దండలు మాత్రం ఉన్నాయి. మారమ్మను ఆ తెల్లకారు దించి రాలేదు. బస్టాండులో ఒక్కతే కూర్చుని ఉంటే హుసేనప్పే వెతుక్కుని ఊరికి తీసుకుపోయాడు. పింఛను సంగతి అడగకండి. ఇప్పటికీ రాలేదు.

పోయిన వాయిదా రోజు నేను పని మీద సత్యనారాయణపేట మీదుగా స్కూటర్ మీద పోతున్నాను. ఇంకా ఎండ ఎక్కలేదు. ఇంద్రసేన మేడ గేటు తీసి ఉంది. లోపల తెల్లకారు పక్కన ఎవరో బకెట్ పెట్టుకుని వంగి తుడుస్తున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు చూసి గుర్తుపట్టాను, హుసేనప్ప. స్కూటర్ ఆపాను. పోయి ఆ బకెట్ తన్నేద్దామన్నంత కోపం వచ్చింది.

"నీ పొలం బయటపడింది గదప్పా. ఈ నా కొడుకు కారు తుడిచే కర్మ నీకేంది?" అన్నాను.

ఆయన నిమ్మళంగా నా వైపు తిరిగాడు. మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేశాడు, లోపల మనిషి లేస్తే విసుక్కుంటాడని.

"అక్క ఎకరం ఉండాది గదప్పా కోర్టులో. కారు రెడీగా ఉంటే ఈయప్ప బిరీన బయల్దేర్తాడు. పదిన్నరకు పిలుస్తారు."

గుడ్డ పిండుకుని, అటువైపు అద్దం తుడవడానికి వెళ్లాడు.